ఏ దెబ్బకో చెప్పలేను

బోరబండ కమ్యూనిటీ హాల్లో
తెర మీద గోదావరి లోయ చూపించాను.
రెండు ఎర్ర గీతలు, మధ్య కుంగిన నేల,
బొగ్గంతా ఆ కుంగులోనే.
"కోట్ల ఏళ్ళ కింద ఇక్కడ ఖండం చీలబోయింది" అన్నాను,
"సముద్రానికి దారివ్వబోయి
ఎందుకో సగంలో మానుకుంది."
ముందు వరసలో ఈదమ్మ
ఒడిలో మనవరాలి తల సర్దుకుని అడిగింది:
"అదంత సరే గని మేడం,
ఇయ్యాల రాత్రి ఇంట్ల పండాల్నా, బయట పండాల్నా?"

నా దగ్గర నలభై రెండు స్లైడ్లున్నాయి.
ఒక్కదాంట్లోనూ
ఆ మంచానికి చోటు లేదు.

పదకొండు రోజులుగా వాళ్ళ నేల మోగుతోంది.
వాన వెలిశాక, అర్ధరాత్రి దాటాక,
అడుగునెవరో ఖాళీ డ్రమ్ము దొర్లించినట్టు.
మా యంత్రం దాన్ని ఒకటిన్నర అంది.
ఒకటిన్నరకి మా ఆఫీసులో
ఎవరూ టీ గ్లాసు కూడా కింద పెట్టరు.
ఇక్కడ నాలుగు గల్లీల జనం
చాపలు చంకన పెట్టుకుని
గ్రౌండులో తెల్లార్లూ కూర్చున్నారు.

చెప్పాను.
మీ కింద ఉన్నది గట్టి గ్రానైటు,
ఆ లోయ ఇక్కడికి చాలా దూరం,
పగుళ్ళలోకి వాననీళ్ళు దిగితే
రాయి ఇలా సర్దుకుంటుంది,
పెద్దది వచ్చే అవకాశం తక్కువ.
"తక్కువంటే ఎంత?" ఆటో నడిపే మక్బూల్.
"చాలా తక్కువ. సున్నా మాత్రం కాదు."
హాలు మొత్తానికి వినబడింది ఆ చివరి మాటే.
వెనక ఎవరి ఫోనులోనో
గొంతు తెలియని మనిషి చెబుతున్నాడు,
మూడింటికి పెద్దది వస్తదట,
సైంటిస్టులే చెప్పిన్రట.

నా నోట్లో రెండు జవాబులు నానుతున్నాయి.
ఏం కాదు, పోయి పండుకోండి.
ఏమైనా కావచ్చు, మీ ఇష్టం.
మొదటిది వాళ్ళని నిద్రపుచ్చుతుంది.
రెండోది నా ఉద్యోగాన్ని.

అప్పుడు లేచాడు ఓర్సు తిరుపతయ్య,
ఎడమ కంట్లో రాతిపెళ్ళ మిగిల్చిన తెల్లపూత.
"గుండు పగలగొట్టేటోన్ని నేను.
వరసగ బెజ్జాలు కొడ్తం, ఉలులు దింపుతం.
ఏ గీతెంబడి పగుల్తదో ముందే చెప్త.
ఏ దెబ్బకు పగుల్తదో
మా తాతకు గూడ తెల్వకపాయె.
అందుకే గీత మీద కాలు పెట్టం.
గీత ఇవతల కూసోని బువ్వ తింటం.
అంతేనా మేడం?"

అంతే.
ఇరవై ఏళ్ళు, మూడు దేశాల సెమినార్లు,
అంతే.

లాప్‌టాప్ మూసి వాళ్ళ వెంట గల్లీలోకి నడిచాను.
మక్బూల్ ఇంటి పిట్టగోడ మీద
సిమెంటు తొట్టి, ఒక్క ఇటుక ఆసరాతో.
పక్కింట్లో గ్యాస్ బండ, తలుపుకి అడ్డంగా.
ఈదమ్మ ఇంట్లో మంచం,
మంచం తలాపున సజ్జ,
సజ్జ మీద పెళ్ళిలో ఇచ్చిన ఇత్తడి గుండిగలు ఐదు.
"గీత ఇదమ్మా" అన్నాను.
ఆమె చాలాసేపు పైకి చూసింది.
"నలభై ఏండ్ల సంది దీని కిందనే పంటున్న."
గుండిగలు దించాం. మంచం జరిపాం.
జరిపిన చోట మంచం కోళ్ళ గుంటలు నాలుగు,
వాటిలో ఒక దువ్వెన పన్ను, పాత పావలా.
మనవరాలు పావలా జేబులో వేసుకుంది.

ఆ రాత్రి రెండున్నరకి మళ్ళీ మోగింది.
ఒకటి పాయింట్ రెండు.
ఈదమ్మ ఇంట్లో పడుకుందో బయట పడుకుందో
నేనడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు రహ్మత్‌నగర్ మలుపులో
ఇంకా మిగిలిన గుండు ఒకటి కనబడింది,
దాని వీపు మీద వరసగా ఉలి బెజ్జాలు,
తొమ్మిది, పది, పదకొండు,
ఆ తర్వాత ఏమీ లేవు.
ఎవరో, ఎందుకో,
సగంలో మానుకున్నారు.
బండి కాస్త ఇవతలే ఆపి చూశాను.