ఆధారపడినవారు

ఏప్రిల్ పదిహేను. వేట బంద్.
భీమిలి దాటాక మా పేటలో
పడవలన్నీ ఒడ్డెక్కి
వీపులు ఆరబెట్టుకుంటున్నాయి.

నేను సచివాలయంలో కూర్చుని
నిషేధ భృతి జాబితా ఎక్కిస్తున్నాను.
పడవ నంబరు. ఇంజనా, తెడ్డా.
యజమాని పేరు. కలాసీల పేర్లు.
ఒక్కో పడవా తెర మీద పచ్చగా వెలిగి ఒడ్డున పడుతోంది.

సూరాడ మసేనమ్మ వచ్చింది.
ఆమెకన్నా ముందు ఆమె వాసన వచ్చింది,
ఉప్పు, ఎండ, నెత్తళ్ళు.
ఫ్యాను కింద ముగ్గురు ముక్కులు మూసుకున్నారు.
నేను మూసుకోలేదు.
ఆ వాసన డబ్బుతోనే డిగ్రీ చదివాను.

"నా పేరుందేటమ్మా?"
"ఉంది పిన్నీ."
ఉంది. భర్త ఎర్రయ్య పేరు కింద
నాలుగో గడిలో: ఆధారపడినవారు.
చదివి వినిపించాను. అదే నా తప్పు.

బుట్ట దించింది.
చుట్టకుదురు దులిపి నేల మీద వేసి
దాని మీద కూర్చుంది.
"ఎవులి మీద?" అంది.

"మీ సిన్నాన్న తెస్తే అది మీనం.
నాను ఎండబెడితే కూడు.
ఒడ్డున పడ్డ మీనానికి ఒక్క పూటే ఆయుస్సు.
ఉప్పేసి, ఇసక దులిపి, కాకిని తోలి,
సినుకు పడితే నా కోక కప్పి
ఆర్నెల్ల ఆయుస్సు పోసిందెవులు?
పడవ కూకుంటే డబ్బులేత్తారు.
పడవ కూకుంటే నా బుట్టా కూకుంటాది గదా,
బుట్టకి నంబరెయ్యరేటి?"

నాకు అమ్మ గుర్తొచ్చింది.
ఈ రెండు నెలలూ ఆమెకు ఆకలి వేసేది కాదు.
జూన్ నడిమికి మళ్ళీ వేసేది.
నాన్నకి అన్నం, మాకు చోడి అంబలి,
తమ్ముడికి పక్కన ఒక కాల్చిన కవ్వలి,
ఆమెకి "ఇప్పుడే తిన్నాను."
చీకట్లో కుండ గోకిన చప్పుడు ఎవరిదని
ఎవరం అడగలేదు.

ఆ చోళ్ళు ఎక్కడివో కూడా అడగలేదు.
పద్మనాభం వైపు మెట్ట మీద కొల్లి అసిరమ్మ.
ముసురులో అమ్మ పోసిన నెత్తళ్ళకి
ఎండల్లో ఆమె కొలిచిన చోళ్ళు.
వేలిముద్ర లేదు, కార్డు లేదు.
కొంగు చివర ముడి వేస్తే బాకీ,
విప్పితే తీరినట్టు.
సముద్రం మూసుకుంటే మెట్ట తెరుచుకునేది.
ఒకరి పిల్లల్ని ఒకరు చూడకుండానే
ఇద్దరాడవాళ్ళు రెండిళ్ళు సాకారు.

మసేనమ్మకీ అక్కడో అసిరమ్మ ఉండాలి.
అడిగితే నవ్వింది.
"మెట్టంతా లేఅవుట్లేసేసినారమ్మా.
సోళ్ళు సల్లిన కాడ రాళ్ళు పాతినారు, తెల్లరంగు కొట్టి.
నా కొంగున మూడు ముళ్ళున్నాయి,
అది ఎటెల్లిపోనాదో తెల్దు."

తెర వైపు తిరిగాను.
వృత్తి దగ్గర 'గృహిణి' అని ముందే పడి ఉంది.
చెరిపాను. మళ్ళీ పడింది.
చెరిపి, ఎండుచేపల తయారీ, అమ్మకం అని కొట్టాను.
తెర ఎర్రబడింది.
పడవ నంబరు తప్పనిసరి.

"ఎర్రగుంటే లేదన్నట్టా?"
"ఇప్పటికి అంతే పిన్నీ."
"మరెప్పటికి?"

తెల్ల కాగితం తీశాను.
పైన కలెక్టరు గారికి అని రాశాను.
"పేర్లు చెప్పు, అందరివీ."

చెప్పింది. తడుముకోలేదు.
గరికిన లచ్చయ్యమ్మ. తెడ్డు పరదేశమ్మ.
బడే నూకరత్నం, కాలు విరిగినా కూర్చుని పొలుసు తీస్తుంది, రాయి.
మైలపల్లి కాసులమ్మ, మొగుడు లేడు, పడవ లేదు,
దాన్ని ముందు రాయి, పైకి రాయి.
కొట్టేసి పైకి రాశాను.
ఎవరు ఎన్ని బుట్టలు మోస్తారో,
ఎవరింట్లో ఎందరు తింటారో
అన్నీ నోటికి ఉన్నాయి.

ముప్పై ఏడో పేరు మా అమ్మది.

రాశాను. ఇంటిపేరుతో సహా.
పక్కన వృత్తి దగ్గర పెన్ను ఆగింది.

మా ఇంటి కార్డులో ఆ గడి
నింపింది నేనే,
ఉద్యోగంలో చేరిన మొదటి వారం,
అమ్మని అడక్కుండా.

"ఏటాగిపోనావు?" అంది మసేనమ్మ.
"ఇంకా ఆరుగురున్నారు, రాయి."