తడితే వదలాలి

ఐసు కార్ఖానా పైన గది.
కింద మర ఆడుతుంటే
మా పాదాల కింద చాప సన్నగా వణుకుతుంది.
మంగళ, శుక్రవారాలు, రాత్రి ఎనిమిదికి
తాంగ్‌యాంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే ఆడవాళ్లం తొమ్మిదిమంది
రబ్బరు బూట్లు గుమ్మం బయట విడిచి
హప్కిడో నేర్చుకోడానికి వస్తాం.
ఎంత రుద్దినా చేతులకి సముద్రపు నీచు పోదు.
మాస్టరు తాక్ కీబాంగ్ ముక్కు రెండుసార్లు విరిగింది,
వాసన తెలీదు. మా అదృష్టం.

మొదటి పాఠం మణికట్టుది.
"వాడి పట్టులో నాలుగు వేళ్లు గోడ,
బొటనవేలు తలుపు.
గోడను గుద్దుకోకండి. తలుపులోంచి రండి."
మేం నవ్వాం.
రోజుకి మూడువేల చిప్పలు తెరిచేవాళ్లకి
తలుపెక్కడుంటుందో ఒకరు చెప్పాలా!
కీలు దగ్గర కత్తిమొన దూర్చి
ఇంత, ఇంతే, తిప్పితే
ఎంత మొండి చిప్పైనా నోరు తెరుస్తుంది.
మనిషి చెయ్యీ అంతే.
చిటికెనవేలు ఆకాశం చూసేలా తిప్పి
అతని ముక్కువైపే పంపాలి,
బలంతో కాదు, వాటంతో.

చొక్కా పట్టుకుంటే పట్టుకోనీ.
ఆ చేతిని నీ గుండెకే అదిమిపెట్టి
పెద్దలకి వంగినట్టు వంగు.
తనకి మోకాళ్లున్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది అతనికి.
జుట్టు పట్టుకుంటే లాక్కోకు,
ఆ పిడికిలిని రెండు చేతులా నీ తలకే తాళం వెయ్యి.
గుద్దు వస్తే
ఒక అడుగు, వాలుగా,
సందులో సైకిలుకి దారిచ్చినట్టు.
గుద్దుకి మలుపులు తిరగడం రాదు.
దాని వెంట కాస్త నడిచి
నీ నడుముని అతని నడుము కిందికి పోనిచ్చి
బియ్యం బస్తాలా దించెయ్.

నొప్పి పుడితే చాపని రెండుసార్లు తట్టాలి.
తడితే వదలాలి, వెంటనే.
ఆ గదికి అదొక్కటే చట్టం.

జమ్‌న్యే నా జోడీ.
ఆమె తట్టేది కాదు.
మోచేతికి తాళం పడి, కణతలు తడిసి,
పెదవి పళ్లకింద తెల్లబడినా తట్టేది కాదు.
నేనే భయపడి వదిలేసేదాన్ని.
"తట్టవేం?" అంటే
"అలవాటు పోయింది" అంది.
తర్వాత మెట్లమీద, బూటు తొడుక్కుంటూ,
"మా ఇంట్లో తట్టాను, మొదటి ఏడాది.
నేలని, గోడని, తలుపుని."
అంతే చెప్పింది.
రెండో బూటు వెతుక్కుంది.

ఫిబ్రవరిలో వచ్చాడు ఆమె మొగుడు,
మేం ఒలిచే షెడ్డులోకి, తాగి, కూలి కవరు కోసం.
ముప్ఫై కత్తులు ఆగాయి.
ముందు మణికట్టు పట్టుకున్నాడు.
తలుపులోంచి వచ్చేసింది.
తర్వాత పిడికిలి.

మాస్టరు చూపినంత అందంగా ఏమీ లేదు.
అడుగు ఆలస్యమైంది,
గుద్దు చెవిని రాసుకుంటూ పోయింది,
నడుము సగమే దూరింది.
అయినా అతను చిప్పల గుట్టలో బోర్లా ఉన్నాడు,
అతని చెయ్యి మాత్రం ఆమె దగ్గర ఉండిపోయింది.
ఆమె కత్తి బల్లమీదే ఉంది.
అది మేమంతా చూశాం.

"తట్టు" అంది.
అతనికి అర్థం కాలేదు, తిట్టాడు.
ఇంత, ఇంతే, తిప్పింది.
"నేలని తట్టు. రెండుసార్లు.
తడితే వదులుతారు.
నీకెవరూ చెప్పినట్టు లేదు."

చాలాసేపు పట్టింది.
ఆఖరికి చిప్పలమీద అరచెయ్యి.
టక్.
టక్.
వదిలేసింది.
అంత త్వరగా వదులుతుందని అనుకోలేదేమో
ఇంకాసేపు అలాగే పడి ఉన్నాడు.

మేస్త్రీ పదకొండు నిమిషాల కూలి కోశాడు,
చూస్తూ నిలబడ్డ మా అందరికీ.

శుక్రవారం నేనే తాళం వేశాను.
మోచెయ్యి ఇంకా సగమైనా వంగలేదు,
చాపమీద టక్ టక్.
వదిలాను.
మళ్లీ తట్టింది.
పట్టు లేదప్పుడు, ఎవరి చెయ్యీ ఆమె మీద లేదు.
ఊరికే,
ఆ చప్పుడు వినడానికి.