ఎడమ భుజం

అంబర్‌పేటల ఫోటో స్టూడియో.
కొత్త ఐడీ కార్డుకని కూసున్న.
"అక్కా, ఎడమ భుజం జర దించు" అన్నడు పిలగాడు.
దించే ఉన్నది గద, అన్న.
"ఇంకొంచెం."
ఇంకేడికి దించాలె?
కిందికి తోస్తే
తుప్పువట్టిన షట్టర్ లెక్క ఆణ్నే ఆగింది.
ఆఖరికి వాడే లేచొచ్చి
కుర్చీని వంకర తిప్పి
నన్ను సక్కగ కూసోవెట్టిండు.

పందొమ్మిదేండ్లాయె
రెండొందల పద్దెనిమిది డి మీద,
దిల్‌సుఖ్‌నగర్‌కు పటాన్‌చెరుకు మధ్యల.
పైన రాడ్డు పట్టుకునుడు కుడిచేతి పని.
జారే పట్టీని ఆపుడు ఎడమ భుజం పని.
ముందుగాల తోలు సంచి, చిల్లర.
ఎనుక మిషను.
ఇప్పుడు జీరో టిక్కెట్లు,
జీరోకు బరువు లేదంటరు, ఎక్కి చూడున్రి.
భుజానికి నేనేం నేర్పలే, అదే నేర్సుకున్నది.
అన్ని స్టాపులు అరిచి చెప్పేదాన్ని
దానికి మాత్రం ఒక్కనాడు చెప్పలే,
దిగుమని.

ఫోటో దిగిన కాడికెంచి
నన్ను నేనే చెకింగు చేసుడు మొదలువెట్టిన.
బియ్యం కడుగుతుంటె చూసిన: చెవి పక్కకే ఉన్నది.
పండుకొని చూసిన: మెత్తకూ దానికీ నడుమ
బెత్తెడు జాగ.
అమీర్‌పేట రష్షుల పండ్లు పండ్లు కరుసుకొనుంటయి,
బోరబండ మూల మీద గూడ విడవయి.
ఎస్‌ఆర్ నగర్‌ల స్క్వాడ్ ఎక్కినప్పుడు బట్టిన ఊపిరి
ఏ స్టాపుల ఇడిసిన్నో
యాదికి లేదు.

ఇన్నేండ్లు తలనొప్పే అనుకున్న.
బామ్ సీసాలల్ల ఇప్పుడు ఆవాలు, మెంతులు పోసుకుంటున్న.
ఇంజను సప్పుడు లెక్కనే ఇది గూడ.
బండి బందు వెట్టినంకనే ఎరుకైతది
చెవులల్ల ఇంతసేపు ఏం మోగిందో.

మా డ్రైవర్ ఇస్తారన్న
బార్కస్‌ల ఒక పహిల్వాన్ కాడికి పొమ్మన్నడు.
ఆయన నూనె రాసి, గుంజి, కటుక్కుమనిపిచ్చిండు.
రెండు దినాలు పక్షి లెక్క ఉన్న.
మూడోనాడు చాదర్‌ఘాట్ దాటకముందే
అది మళ్ల ఎక్కి కూసున్నది, టిక్కెట్టు లేకుంట.

తార్నాక దవాఖానల రుఖియా మేడం.
నా బిడ్డంత ఉంటది.
వేలు ఆనిచ్చి, ఒత్తక, ఊకె పెట్టి ఉంచి
"లేపు" అన్నది.
దించుకుందామని వస్తె లేపుమంటదేంది?
"ఇంకా లేపు. చెవికి తాకియ్యి.
అట్లనే పట్టు, ఎనిమిది లెక్కవెట్టు."
లెక్కవెట్టిన, సీట్లు లెక్కవెట్టినట్టు.
"ఇగ ఇడువు.
తొయ్యకు. ఇడువు."

తోసుడు వేరు, ఇడుసుడు వేరు.
నలభై ఆరేండ్లకు తెలిసింది.

మొదటిపారి ఏం గాలే.
రెండోపారి ఏం గాలే.
మూడోపారి, ఒక వేలు మందం,
మెల్లగ, దానంతటదే జారింది.
గుండె గుభేల్‌మన్నది నాకు.
కుడిచెయ్యి దభాల్న అందుకోవోయింది
సంచి పడిపోయిందని.
సంచేమో డిపోల, నా లాకర్ల,
తాళం ఏసి ఉన్నది.
రుఖియా నవ్వలే.
"అందరిదీ గట్లనే, అమ్మీ" అన్నది.

రాత్రి పెనం మీద ఉప్పు ఏంచి, గుడ్డల మూట గట్టి
మా ఆయన కాపడం వెడతడు.
టీవీ చూసుకుంట వెడతడు,
ఒక్కొక్కపారి వీపు ఇడిసి కుర్చీకి వెడతడు.

పంజాగుట్ట సిగ్నల్ ఎర్రగ ఉన్నన్ని సేపులు
లేపుత, పడత, ఇడుస్త.
"ఏందక్కా, డ్యాన్సా?" అన్నది ముందు సీటు పిల్ల.
అద్దంల ఇస్తారన్న చూసిండు.
ఏమనలే.
పచ్చ పడి ఎనుకోళ్లు హారన్ కొడుతున్నరు,
ఆయన రెండు భుజాలు ఇంక చెవుల కాన్నే ఉన్నయి,
ఎనిమిది కాలే కావచ్చు.

మియాపూర్ వచ్చేసరికి సగం ఎక్కుతది నాది, ఇప్పటికి గూడ.
ఎక్కిందని తెలుస్తున్నది, అంతే.
కార్డు మాత్రం మెడల ఏలాడుతది.
అండ్ల నా భుజాలు రెండు సమానం.
వంకరున్నది కుర్చీ.
కుర్చీ ఫోటోల పడలే.