సున్న బిళ్ళ

ఎనుమాముల మార్కెట్ల, మిర్చి షెడ్ల వెనుక
యాకూబలి రేకులు కోసే చోట
గోడకు సున్నమేసి ఎన్నేండ్లయిందో తెల్వదు.
నల్లరంగు, కారం దుమ్ము, మళ్ళ నల్లరంగు.

నేను చేరిన మొదటి వారం
"వరంగల్" కొయ్యమన్నడు.
నూనె డబ్బా సాపు చేసిన రేకు.
సున్నకు సీసా మూత పెట్టి గీసిన,
ఒక్క వంకర లేదు.
ఉలి ఆఖరి దెబ్బకు
నడుమ బిళ్ళ ఊడి
బండ మీద గిర్రున తిరుక్కుంట పోయి
బల్ల కింద ఆగింది.
ర కడుపు అంతకుముందే పోయిందట,
నేను చూసుకోలే.

బస్తా మీద అద్దితే
ఊరి పేరు మధ్యల ఒక నల్ల రొట్టె.

యాకూబలి తుమ్మిండు.
(మిర్చి సీజన్ల ఆయన నవ్వినా తుమ్మినట్టే ఉంటది.)
"పట్టుకునేది లేకుంటె నడుమ నిలువది.
మీదొకటి, కిందొకటి
సన్నపు పట్టీలు ఇడువు. వాటి జోలికి పోకు."

"గట్లయితె సున్న రెండు ముక్కలయితది గద?"

"కానియ్యి."

ఆయన అక్షరాలకు తోకలుండయి.
చౌరస్తాల బోర్డులు రాసే నరహరి
తలకట్టును నెమలి మెడ తిప్పినట్టు తిప్పుతడు.
ఈయనది స్కేలు, సీసా మూత, ఉలి, సుత్తె.
గీత మందం రెండు వేళ్ళు.
లారీ మీదికెక్కినంక కూడ కనబడాలె, గంతే.
"పెద్దలు తెలుగుకు మూలలియ్యలే,
నేనే పెట్టిన" అంటడు,
తప్పు ఒప్పుకున్నట్టు, మెల్లగ.

ఒకసారి కమీషన్ దుకాణపు శేఠు అలిగిండు.
అక్షరాలన్ని ఇరిగినయి, సందులు పూడ్వుమన్నడు.
నాలుగొందల బస్తాలు, చపాట మిర్చి.
యాకూబలి ఏమనలే.
కుంచె నా చేతిల పెట్టి ఇంటికి పోయిండు.
రాత్రి పదకొండు దాక పూడ్చిన,
రుద్దుకోరాని కండ్లతోటి.

తెల్లారి మూతులు కుట్టే ఓదెమ్మ
దబ్బనం పట్టుకొని బస్తాల చుట్టు రెండు మార్లు తిరిగింది.
"ఇయి మనయి కావు" అని
కుట్టకుండ కూసున్నది.

ఓదెమ్మకు చదువు రాదు.
సున్న అంటె ఆమెకు ఇసిరిన కందిబద్దలు, రెండు.
వ అంటె దర్వాజ సగం తెరిచిన అర్ర.
నేను ఆ దర్వాజలన్నీ
రాత్రికి రాత్రి మూసేసిన.

అప్పటి సంది
చదివేటప్పుడు నా చూపు ఫస్టు
రంగు అంటని కాడికే పోతది.

ఇప్పుడు బస్తాలకు అచ్చేసిన చీటీలొస్తున్నయి.
యాకూబలి రాడు, మోకాళ్ళు.
గోడ ఉన్నది.
రేకు అంచులు దాటిన రంగు
వరుసలు వరుసలుగ చిక్కబడ్డది,
నడుమ నడుమ రేకు ఆనించిన చోట్లు
నలుచదరంగ ఖాళీ.
ఎన్ని ఊర్లు, ఎందరి మార్కాలో,
ఒక్క అక్షరం దొరకది.

బిళ్ళ నా జేబులనే ఉంటది.
ఒక దిక్కు తుప్పు,
ఒక దిక్కు నూనె కంపెనీ పువ్వు, సగం.
మొన్న పరకాల బస్సుల
చిల్లరతోటి కలిసిపోయి కండక్టర్ చేతిల పడ్డది.
తిప్పి చూసిండు.
వేలితోటి అంచు తడిమిండు.
"ఇది చెల్లది" అని
టికెట్టు మీద పెట్టి ఇచ్చిండు.