ఏరుడు బల్ల

పలాసలో పప్పు ఏరే పని, పదకొండేళ్లు.
నూట ఎనభై అంటే గుండుల్లో రాజా,
రెండొందల నలభై దాని తమ్ముడు,
మూడొందల ఇరవై మామూలు సరుకు.
అంకె పెరిగితే పప్పు చిక్కిపోతుంది.
అలా అలవాటు పడ్డ కళ్లకి
శ్రీకాకుళంలో డాక్టరమ్మ చూపించిన కాగితం
తలకిందులుగా పట్టుకున్న పుస్తకం.
ఇక్కడ అంకె పెరగాలట.

మొదటి కాగితంలో సున్నా, చుక్క, తొమ్మిది.
గుడ్లు తక్కువున్నాయి.
ఎన్నున్నాయో చెప్తుంది గానీ
ఎలాటివో చెప్పదమ్మా, అంది.
అది నాకు తెలుసు.
బస్తా తూకం చూసి లోపలి పప్పు రంగు చెప్పే మనిషి
మా ఫ్యాక్టరీలోనూ లేడు.

ఒప్పుకోలు కాగితం దగ్గర వేలిముద్ర పడలేదు.
జీడిసొన తినేసిన బొటనవేలు,
గీతల్లేని నున్నటి వేలు.
మిషను మూడుసార్లు ఎర్రగా కూసింది.
ఆఖరికి సంతకం పెట్టాను,
ఆరో తరగతి దమయంతి పెట్టినట్టే, గుండ్రంగా.

సూదిమందు చల్లగా ఉండాలంటే
కాశీబుగ్గ కూల్‌డ్రింకు కొట్టు ఫ్రిజ్‌లో దాచాం,
సోడా బుడ్ల వెనక.
పొద్దుపోయాక ఢిల్లేసు తెచ్చేవాడు.
ఎవరడిగినా సుగరు మందనేవాడు.
వీధి వీధంతా నా సుగరుకి జాలిపడింది.
ఆ జాలి మొయ్యడం తేలికే.

పద్నాలుగో రోజు రక్తం తీశారు.
యాభై ఎనిమిది.
ఉందా, లేదా?
ఉంది, కానీ ఎల్లుండికి రెట్టింపు దగ్గరకి రావాలి.
"ఉంది" పక్కన "కానీ" పెట్టొద్దని
డాక్టర్ల బళ్లో చెప్పరు కాబోలు.
రెట్టింపంటే నూట పదహారు.
శుభకార్యంలో చదివించే అంకె.
నవ్వకండి, శకునమే అనుకున్నాను.

ఆ రెండ్రోజులూ పనికెళ్లాను.
ఇంట్లో ఉంటే పొట్టతో మాటాడేస్తానని భయం.
"ఏటే అలగున్నావు? బద్దల్లో గుండు కలిపీసినావు"
అంది ఊర్మిళప్ప.
నిజమే. పదకొండేళ్లలో మొదటిసారి.

కొన్ని పప్పులు గుండులాగే ఉంటాయి,
నడుమ వెంట్రుకంత గీత.
గట్టిగా నొక్కితే తెలిసిపోతుంది,
ఆ నొక్కుడికే విడిపోనూవచ్చు.
అందుకే తెలిసిన చెయ్యి నొక్కదు,
వెలుతురుకి ఎత్తి చూస్తుంది.
నేను ఏ వెలుతురుకి ఎత్తను?

రెండో అంకె తొంభై ఆరు.
పారేసేది కాదమ్మా, పండగ చేసుకునేదీ కాదు,
ఇంకో రెండ్రోజులు చూద్దాం.

మా బల్ల మీద దీనికి డబ్బా లేదు.
మేస్త్రీ ఒప్పుకోడు, ఇటో అటో తేల్చమంటాడు.
అయినా ఆడవాళ్లందరి మోకాలి పక్కనా
తేల్చలేనివి చిన్న పోగు ఉంటుంది,
నాలుగింటి ఎండ కిటికీలోకి వచ్చేదాకా.
నిన్నూ అక్కడే పెట్టాను.
పేరు పెట్టలేదు. లెక్కా పెట్టలేదు.

పాసింజరు దిగి వస్తుంటే
సోడా కొట్టాయన పిలిచాడు:
"సుగరు ఎంతొచ్చిందేటి, ఢిల్లేసూ?"
వీడు నావైపు చూశాడు.
"తొంభై ఆరు."
"ఓస్, అయితే బాగున్నట్టే గదా,
ఇంకెందుకురా ఆ మొగం?"