నాలుగు నిమిషాల ఇల్లు

చింగెట్టిలో మూడో రోజుకి
నా కెమెరా ఇసుక నములుతోంది.
జూమ్ తిప్పితే కరకర,
అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు.

అప్పటికి ఆరువందల ఫొటోలు.
అన్నీ ఒకటే ఫొటో:
కింద పసుపు, పైన నీలం,
మధ్యలో ఒక ఒంటె, ఉంటే.
పొద్దు వాలేవేళ దిబ్బలు ఎర్రబడితే
పరుగెత్తి, మోకాళ్ళ మీద పడి తీసినవే,
రాత్రి చిన్న తెరమీద చూస్తే
ఎవరి షాపుదో క్యాలెండర్.

దారి చూపే యెస్లెమ్
నా ముందు నడుస్తూ నడుస్తూ
ఒక్కోచోట ఊరికే పక్కకి తప్పుకుంటాడు.
అక్కడేమీ లేదు. చదునైన ఇసుక.
రెండుసార్లు చూశాను, మూడోసారి అడిగాను.
"గోడ" అన్నాడు.

కింద వాళ్ళమ్మ ఇల్లు.
ఇసుక మొదట గుమ్మం దాకా వచ్చిందట
చుట్టంలా.
చీపురుతో సాగనంపారు.
తర్వాత కిటికీలో కూర్చుంది.
ఒక ఏడాది మేకల్ని
కప్పు మీంచి ఇంట్లోకి దించాల్సి వచ్చింది.
ఆ చలికాలం ఆమె తలుపు చుట్టూ తవ్వించి,
తాళం వేసి,
చెవి మెడలో వేసుకుని
కొత్త పేటకి నడిచిపోయింది.
తలుపు ఇప్పుడు మా మడమల కింద
రెండు నిలువుల లోతున ఉంటుంది.
తాళం వేసే ఉంటుంది.

"దీన్ని తీయి" అన్నాడు.
దేన్ని?

ఆ రాత్రి చంద్రుడు లేడు.
చుక్కలు మరీ దగ్గరగా ఉంటే నాకు కొంచెం మొహమాటం,
పిలవని ఇంట్లో దూరినట్టు.
దిబ్బ నెత్తిన ముక్కాలి స్టాండు పాతి,
గాలికి ఊగకుండా నీళ్ళ డబ్బా వేలాడదీసి
షట్టర్ తెరిచిపెట్టాను. నాలుగు నిమిషాలు.
యెస్లెమ్ నా టార్చి తీసుకుని దిగాడు.
వద్దు, వెలుగు పడుతుంది, అనబోయాను.
అప్పటికే నడుస్తున్నాడు.

వీధి వైపు నుంచి మొదలు.
ఒకచోట ఆగి వంగాడు.
ఆరడుగుల మనిషి, నెత్తిన పాలపుంత తప్ప
ఏ అడ్డమూ లేని చోట,
తల కాచుకుంటూ.
అది వాకిలి దూలం.
ఏడడుగులు. మలుపు.
కుడిచేత్తో గాలిని తడిమాడు:
గోడలో గూడు, తాత చేతిరాత పుస్తకాలది.
మోకాళ్ళెత్తి నాలుగు మెట్లెక్కి, దిగి
ఒక మూల నిలబడిపోయాడు.
టార్చి కదల్లేదు.
నూట తొంభై, నూట తొంభై ఒకటి,
నేను లెక్కపెడుతూనే ఉన్నాను.
ఆ మూల ఏమిటో అతను చెప్పలేదు.

ఫొటోలో పైన చుక్కలన్నీ
బియ్యపు గింజల్లా కాస్త సాగాయి.
కింద ఒకే గీత, ఎక్కడా తెగకుండా,
ఇల్లు.
అతను వంగినచోట గీతా వంగింది.
నిలబడ్డ మూల తెల్లగా కాలిపోయింది.
మనిషి మాత్రం పడలేదు.
కదిలేవాళ్ళెవరూ పడరు, అంతసేపటి ఫొటోలో.

పొద్దున వాళ్ళక్క మ్నేతూకి చూపించాం.
టీని గ్లాసులోంచి గ్లాసులోకి
మూరెడు ఎత్తునించి ఒంపుతూ
ఒక కంట చూసింది.
"వంటిల్లు ఇటు కాదు."
"ఇటే."
"నువ్వు జువేరాత్ గనికి పోయాక మార్చాం.
పొగకి అమ్మ దగ్గుతోందని."
యెస్లెమ్ టీ తీసుకోలేదు.
చాప పక్క ఇసుకలో వేలితో ఒక గీత గీశాడు,
తుడిచాడు, ఇంకోవైపు గీశాడు.
దగ్గిందని నాకెవరూ చెప్పలేదే, అన్నాడు.

మ్నేతూ నావైపు తిరిగింది.
"ఏ ఏడాది ఇల్లు తీశావు నువ్వు?"

నా దగ్గర జవాబు లేదు.
లెన్సుల లెక్కలు తెలుసు, ఏ చుక్క ఎటు తిరుగుతుందో తెలుసు.

"రాత్రికి మళ్ళీ పెట్టు ఆ పెట్టె.
ఈసారి నేను నడుస్తాను"
అంది, నీలి మెల్హఫా తలమీదికి లాక్కుంటూ,
"వాడు వెనక రానీ."

బ్యాటరీలో ఒక్క గీతే మిగిలింది.
సోలార్ పలకని ఎండకేసి తిప్పి
అతార్ జీపువాడికి కబురు పెట్టాను,
ఎల్లుండి రమ్మని.