మీటరు మీద పేరు

నెలలో మొదటి వారం
కృష్ణలంకలో ఇల్లిల్లూ తిరిగే మనిషిని నేను.
మెడలో బిల్లు మిషను, చేతిలో టార్చి.
మెట్ల కింద, చెప్పుల స్టాండు వెనక
ఏ మీటరు ఎక్కడ ఎర్రగా కన్ను కొడుతుందో
చీకట్లో అడిగినా చెబుతాను.

మనుషుల్ని ఏమీ అడగను. యూనిట్లే చెబుతాయి.
ముప్ఫై ఎనిమిది దాటని కనకరత్నం
ఓ నెల తొంభైకి పోయిందంటే
కూతురు పురిటికొచ్చిందని.
సున్నా వచ్చిందంటే
తలుపుకి తాళం చూడక్కర్లేదు.

ఈ మధ్య సున్నాలు ఎక్కువయ్యాయి.
సున్నా తర్వాత ఆర్నెల్లు ఇటుకా ఇసకా,
ఆ తర్వాత మూడంతస్తులూ ఆరు ఏసీలూ.

వరదుండేది మాకు.
గేట్లెత్తారని ఆటోలో మైకు తిరగ్గానే
మస్తాన్‌బీ ముందు కుట్టుమిషను ఎత్తేది,
ఆ తర్వాతే పిల్లల్ని.
అమ్మ రేషను కార్డు జాకెట్లో దోపుకునేది.
మునిసిపల్ బడిలో నాలుగు రోజులు,
పులిహోర పొట్లాలు, బెంచీల మీద నిద్ర.
తిరిగొచ్చాక గోడమీద బురదగీత చూసి
పోయినసారికంటే జానెడు తక్కువే అని
నాన్న నవ్వేవాడు.

ఆ గీత కింద స్థలం ఎవడు కొంటాడు?
ఆరువందలకి గది దొరికేదంటే ఏటి పుణ్యమే.
పెద్దవాళ్ళెవరూ ఇటు తొంగిచూడకుండా
అప్పుడప్పుడూ వచ్చి ఓ చూపు చూసి
మా వీధిని మాకే అట్టిపెట్టి పోయేది.

గోడ కట్టమని మేమే అడిగాం.
బందరు రోడ్డు మీద కూర్చున్నాం,
నేనూ అరిచాను గొంతు పోయేలా.
కట్టారు. మంచి గోడ, అబద్ధమెందుకు,
నీళ్ళు అవతలే ఆగిపోయాయి.
ఇవతల రేట్లు లేచాయి.

టేపు పట్టుకుని కొలుస్తూ బ్రోకరన్నాడు,
రివర్ వ్యూ అండీ, పొద్దున్నే వాకింగు.
అప్పటిదాకా మేం దాన్ని ఏరనేవాళ్ళం.

ఆరువందలు రెండువేలైంది, రెండువేలు ఆరైంది.
కనకరత్నం జక్కంపూడి పోయింది, నాలుగో అంతస్తు,
మోకాళ్ళు ఆమెవి, లిఫ్టు ఎవరిదో.
మస్తాన్‌బీ సింగ్‌నగర్లో చవగ్గా దొరికిందంది.
బుడమేరు వచ్చిన రాత్రి ఫోన్ చేసింది,
"ఒరే, ఇక్కడ మైకు కూడా తిరగలేదురా."
కుట్టుమిషను మాటెత్తలేదు.
నేనూ అడగలేదు.

ఇప్పుడా గదులున్న చోట హాస్టలు,
గ్రూప్స్‌కి చదివే మార్కాపురం పిల్లలు
రాత్రి రెండింటిదాకా లైటు తీయరు.
సందు చివర రేకుల షెడ్లో
టైల్స్ వేసే బీహారు కుర్రాళ్ళు పదకొండు మంది.
మీటరెక్కడని అడిగితే చేత్తో చూపించి
టీ తాగి పొమ్మంటారు.
వాళ్ళ బిల్లు ముప్ఫై తొమ్మిది యూనిట్లు.
ఆ అంకె మీద బొటనవేలు కాసేపు ఆగుతుంది.

ఇక వేపచెట్టు కొట్టేసిన మలుపులో మా ఇల్లు.
మాది అనడం నోటి అలవాటు.
నాన్న కిడ్నీలకి నోటరీ కాయితం మీద అమ్మేశాం.
పట్టా లేని నేలకి రిజిస్ట్రేషనెక్కడిది?
అందుకే కొన్నాయన నాలుగంతస్తులు లేపినా
మీటరు మాత్రం పాతదే.
మిషను గిర్రున కాయితం కక్కుతుంది,
తలారి యేసుపాదం, నాలుగువందల పన్నెండు యూనిట్లు.
బతికుండగా మా నాన్న
ఫ్యాను రెండో నెంబరు దాటనిచ్చేవాడు కాదు.

కింది వాటాలో సచివాలయం ఉద్యోగి
బిల్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఎవరయ్యా ఈ యేసుపాదం? ప్రతి నెలా ఈయనే!"
పాత ఓనరండీ, అన్నాను.
"పేరు మార్పించమని మా ఓనరుకి చెబుతా,
ఏమేం కాయితాలు కావాలి?"

ఏం కావాలో నాకు కంఠతా వచ్చు.
ఆఫీసులో కనుక్కోవాలండీ, అని
టార్చి ఆర్పి
పక్కింటి మెట్లెక్కాను.